కొయ్యగుర్రం ఎన్నాళ్ళు అదే గుర్రం?

సోమశిల, ఉదయగిరి వైపు తిరునాళ్ళలో రంగులరాట్నం వయసెంతని ఎవరూ అడగరు. గుర్రం చెవి విరిగితే మేకు కొడతారు, రంగు వెలిస్తే పైన ఇంకో పూత వేస్తారు, మరీ చెడితే ఫైబరు గుర్రం బిగిస్తారు. న్యూయార్క్‌లో జేన్ వాలెంటాస్ చేసింది వేరు. 1922లో తయారై, ఒహాయోలోని యంగ్స్‌టౌన్ పార్కులో తిరిగిన రాట్నాన్ని ఆవిడా, భర్తా కలిసి 1984లో కొన్నారు. దాని 48 గుర్రాల మీది పూతలను ఆవిడ చిన్న కత్తితో ఏళ్ళ తరబడి గీకారు. అడుగున దొరికిన తొలి రంగులు రాసిపెట్టుకుని, అవే మళ్ళీ వేయించారు. 2011 నుంచి బ్రూక్లిన్ ఒడ్డున ఆ రాట్నం తిరుగుతోంది. పాతదాన్ని నిలబెట్టడమంటే కొయ్యను నిలబెట్టడమా, దాని పనిని నిలబెట్టడమా?

పనినే అంటాను. రథమంటే ఇరుసా, చక్రమా, కాడా అని బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిళింద రాజును అడిగితే, ఏదీ విడిగా రథం కాదని రాజు ఒప్పుకోక తప్పలేదు. ఆగమ పద్ధతీ అటే మొగ్గుతుంది: గర్భగుడిలో మరమ్మతు చేయాలంటే మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, తాత్కాలిక గుడి అయిన బాలాలయంలో ఉంచి, పని ముగిశాక తిరిగి చేరుస్తారు. 2018లో తిరుమలలో జరిగిన మహాసంప్రోక్షణ ఇదే. 2020 సెప్టెంబరులో అంతర్వేది నరసింహస్వామి తేరు కాలిపోయింది. 2021 ఫిబ్రవరి కల్లా కొత్త తేరు సిద్ధమైంది. పాత కొయ్య లేకపోయినా, మోకు పట్టినవాళ్ళకు అది స్వామి తేరే. దీనికి ఎదురుగా ఉదయగిరి బాలకృష్ణుణ్ణి చూడండి. 1514లో కోట గెలిచిన కృష్ణదేవరాయలు ఆ విగ్రహాన్ని తీసుకెళ్ళి, మరుసటేడు హంపీలో ప్రతిష్ఠించాడు. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. దెబ్బతిన్నా రాయి అదే. ధూపం, నైవేద్యం మాత్రం లేవు.

పనే ముఖ్యమైతే పాతదాన్ని పొయ్యిలో పెట్టొచ్చా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జీర్ణించిన కొయ్య మూర్తిని అగ్నికి, రాతి మూర్తిని నీటికి అప్పగించమని అగ్నిపురాణమే చెబుతుంది కదా! కానీ ఆ విధి మూర్తికి చెప్పింది, గుడి వాహనశాలలోని కొయ్యగుర్రానికి కాదు. పైగా కొయ్య మీద ఉలి నడిచిన తీరు పుస్తకంలో దొరకదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళనడిగితే తెలుస్తుంది: అంచు ఎంత పలచన చేస్తే విరగదో చేతికి తెలియాలి, పాత గరిటె పట్టుకుంటేనే తెలుస్తుంది. మరి రాట్నానికి కలశమూ లేదు, మంత్రమూ లేదు, ఏది చేరవేస్తారు అంటారా? పిల్లల సవారీని. అది బలహీనమైన లంకే, ఒప్పుకుంటాను. వాలెంటాస్ కూడా ఆ గుర్రాలను మ్యూజియం వస్తువులుగా దాచిపెట్టకుండా కొత్త రంగు వేసి పిల్లలకే ఇచ్చారు. గీకి చూడకపోతే ఏ రంగు వేయాలో ఆవిడకు తెలిసేది కాదు. మన గుళ్ళలో అశ్వవాహనానికి ఏటా ఎనామిల్ దట్టించేముందు, ఒక్క మూలనైనా గీకి కింద ఏముందో చూసి రాసిపెడితే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.