నొప్పికి ప్రమాణం ఎవరి మాట?

వెన్నుపూసకు టీబీ సోకిన మనిషికి తరచుగా రెండు వైద్యాలు ఒకేసారి నడుస్తాయి. ఒకటి క్రిముల మీద, రెండోది నడుం నొప్పి మీద. టీబీ మాత్రలు మొదలుపెట్టగానే మూత్రం నారింజ రంగులోకి తిరుగుతుంది. అది ఆ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు వల్లేనని, కంగారు పడొద్దని సిబ్బంది ముందే చెప్తారు. వారం పది రోజులయ్యాక రోగి ఇంకో సంగతి మొదలుపెడతాడు: మొన్నటిదాకా పనిచేసిన నొప్పి మాత్ర ఇప్పుడు పనిచేయట్లేదని. దాని గురించి మాత్రం అతనికి ముందుగా చెప్పినవాళ్ళు అరుదు.

మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి వాడేవాళ్ళు ఈ మాట అంటే ఎదుటివాళ్ళ చూపు మారిపోతుంది. అలవాటు పడ్డాడు, డోసు పెంచమని నాటకమాడుతున్నాడు అనుకుంటారు. ఇంట్లోవాళ్ళేమో కర్మ, అనుభవించాలి అంటారు.

దీని అడుగున ఉన్న ప్రశ్న చాలా పాతది. ఒకరి బాధ నిజమని ఇంకొకరికి తెలిసేదెలా? తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముడి న్యాయసూత్రాలు సుఖదుఃఖాలను ఆత్మ ఉనికికి గుర్తులుగా లెక్కపెట్టాయి. ఎవరి దుఃఖం వాళ్ళ మనసుకే ప్రత్యక్షం. పక్కవాళ్ళకు మిగిలేవి రెండే దారులు: మూలుగునూ ముఖాన్నీ చూసి ఊహించడం, లేదా ఆ మనిషి మాటను నమ్మడం. నమ్మదగిన మాటను ఆ శాస్త్రం శబ్ద ప్రమాణం అంది. అలా చెప్పగలవాడు ఆప్తుడు. భాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుడికి పెట్టిన షరతులు రెండు: విషయం స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని కూడా ఆయనే రాశాడు. పుట్టుకా పరువూ అక్కడ లెక్కలోకి రావు.

నొప్పి విషయంలో రోగి మొదటి షరతును ఎవరికన్నా బాగా తీరుస్తాడు. పేచీ అంతా రెండోదానితోనే. అతనికి చెప్పాలన్న కోరిక ఉందా, మాత్ర కావాలన్న కోరిక ఉందా అని. కానీ సందేహం వచ్చినంత మాత్రాన అబద్ధం రుజువైపోదు. ఆ రెంటినీ కలిపేయడం అన్యాయం.

1976లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. హెరాయిన్ మానేసి, దాని బదులు వైద్యులిచ్చే మెథడోన్ మీద ఉన్నవాళ్ళకు టీబీ వస్తే రిఫాంపిసిన్ ఇచ్చారు. 30 మందిలో 21 మందికి మెథడోన్ అందనప్పటి బాధలు పుట్టుకొచ్చాయి. సమాజం అందరికన్నా చివర నమ్మే మనుషులు వాళ్ళు. రక్తం పరీక్షిస్తే మెథడోన్ నిజంగానే తగ్గిపోయి ఉంది. 1997లో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద చూస్తే, రిఫాంపిసిన్ వాడాక మార్ఫిన్ నొప్పిని ఆపలేకపోయింది. 2009లో ఫిన్లాండ్ పరిశోధకులు నోటితో తీసుకున్న ఆక్సికోడోన్ అనే నొప్పి మందును వాలంటీర్లలో కొలిచారు. రిఫాంపిసిన్ వాడాక ఒంటికి అందే మోతాదు 86 శాతం పడిపోయింది. ఈ వాలంటీర్లకు మత్తు మీద ఆశ లేదు, నాటకమాడాల్సిన అవసరమూ లేదు.

కారణం కాలేయంలో, పేగుల్లో ఉంది. మందులను విరిచేసే ఎంజైములను రిఫాంపిసిన్ పెంచుతుంది. అందుకని మాత్ర తన పని ముగించకముందే ఖర్చైపోతుంది. ఇందులో కర్మకు పని లేదు. అయితే రోగి మాట నొప్పి ఉందనడానికే ప్రమాణం, కారణానికి కాదు. వెన్నులో చీము చేరినా నొప్పి పెరగొచ్చు. కారణం వెతకడం వైద్యుడి వంతు. కానీ ముందు నమ్మితేనే ఎవరైనా వెతుకుతారు.

రోగి వైపు నుంచీ మాట పూర్తిగా రావాలి. టీబీ పేరు చెప్పడానికి సిగ్గుపడి నొప్పి డాక్టర్ దగ్గర దాచేవాళ్ళున్నారు. మెడికల్ షాపులో కొన్న ట్రమడాల్ సంగతి టీబీ సెంటర్లో చెప్పనివాళ్ళూ ఉన్నారు. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్‌తో ట్రమడాల్ కలిస్తే వణుకు, చెమటలు, జ్వరం, మతి తప్పడం దాకా వెళ్ళొచ్చు. అక్కడ మౌనం ప్రాణం మీదకు తెస్తుంది. నొప్పికి తాళలేక టీబీ మాత్రలే మానేస్తే రోగం తిరగబెడుతుంది, మందులకు లొంగనిదిగా మారొచ్చు, టీబీ ఊపిరితిత్తుల్లోనూ ఉంటే ఇంట్లో పిల్లలకూ సోకొచ్చు. అందుకే ముందే హెచ్చరించి, నొప్పి మందు డోసు సరిచేయడమో, మందు మార్చడమో చేయాలి.

ఆ పని అక్కడితో అయిపోదు. టీబీ కోర్సు ముగిసి రిఫాంపిసిన్ ఆగాక దాదాపు రెండు వారాల్లో ఎంజైములు మామూలు స్థాయికి దిగుతాయి. పెంచిన మార్ఫిన్ డోసు అప్పుడు తగ్గించకపోతే మగత కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. ఆ రోజుల్లో రోగి వచ్చి "మాత్ర ఎక్కువవుతోంది, పగలంతా నిద్ర ముంచుకొస్తోంది" అంటే, ఆ మాటనూ అదే రోజు పట్టించుకోవాలి.