తండ్రి దేహము - కుమారుని కాయకము

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు బోధించిన సంగతి మన సమాజమున ఎరుగనివారు లేరు. సభలలో ఆ మాట పలుకుట సులభము. డెబ్బది యేండ్లు దాటిన తండ్రి రాత్రికి అయిదారు మారులు లేచి, చీకటిలో గోడ పట్టుకొని పెరటికి పోవుచున్నప్పుడు ఆ మాటకు అర్థమేమో ఇంటివారు విచారింపవలెను. ఆ వృద్ధుడు తన బాధ ఎవరికిని చెప్పడు. ముసలితనము గదా యని సరిపెట్టుకొనును. కుమారుడును అట్లే తలంచును. గుడి గోడ బీటవారినచో ఊరంతయు చందా వేసికొని బాగుచేయింతురు. ఈ గుడికి మాత్రము ఏడాది గడచినను అడుగువాడు లేడు.

ఇట్టి ఇల్లు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నమున వాడకొకటి యుండును. అందొక ఇంటిని తీసికొందము. తండ్రి పెద్దచెరువు క్రింద సేద్యము చేసినవాడు. ఇష్టలింగ పూజ కానిదే మంచినీరైనను ముట్టడు. కుమారుడు సాగరు రోడ్డున బస్సెక్కి సుమారు 30 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదుకు పోయి పనిచేసికొనువాడు. ఒకనాడు తండ్రి ధోవతిపై నెత్తుటి మరక చూచి కోడలు భర్తకు చెప్పినది. ఆమె చెప్పకున్న ఇంకెంత కాలము గడచెడిదో!

పౌరుషగ్రంథి మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళము చుట్టును అమరియుండును. దానినే వైద్యులు ప్రోస్టేట్ అందురు. వయసుతో అది పెరుగుట సామాన్యము; పెరిగినదెల్ల క్యాన్సరు గాదు. మొదట రక్తములో పి.ఎస్.ఎ. యను పదార్థమును కొలుతురు. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములలోపు సాధారణమని వాడుక. కాని ఉత్త వాపు వలనను, మూత్రములో చీము చేరుట వలనను ఆ అంకె పెరుగవచ్చును. క్యాన్సరు ఉండియు ఒక్కొక్కరికి పెరుగకపోవచ్చును. కావున ఆ ఒక్క కాగితము చూచి ఇంటిల్లిపాది ఏడ్వనక్కరలేదు, నిశ్చింతగా కూర్చుండనుగూడదు.

పిదప వైద్యుడు గుదద్వారమున వ్రేలుంచి గ్రంథిని తడవి చూచును. ఇచటనే పెద్దలు వెనుదిరుగుదురు. జన్మమెత్తిన తరువాత పరుల యెదుట ధోవతి సడలింపని మనిషి ఆ గది వాకిటనే లేచి, ఇంటికి పోదము పదమనును. ఆ తండ్రియు అట్లే అనెను. కుమారుడు ధర్మపన్నములు వల్లింపలేదు. చిన్ననాడు తనకు విరేచనములు పట్టుకొన్నప్పుడు తండ్రి తన్ను ఎత్తుకొని కడిగిన సంగతి మాత్రము జ్ఞాపకము చేసెను. తండ్రి మారుపలుకక లోనికి పోయెను. వైద్యమును కాయకముగా చేసికొన్న వైద్య సంగన్న వంటివారు శరణులలోనే యున్నారు. వైద్యుడు రోగి దేహమును తాకుట కాయకమైనప్పుడు రోగికి అందు సిగ్గేల?

తరువాతి చిక్కు ఇంతకంటె పెద్దది. ఎం.ఆర్.ఐ. యంత్రము బలమైన అయస్కాంతము. దానిలోనికి పోవునప్పుడు ఒంటిమీద లోహమేదియు ఉండరాదు. వెండి లింగకాయను తీసివేయుమని సిబ్బంది చెప్పగానే వృద్ధుడు నిలువున వణికెను. ప్రాణము పోవువరకు లింగము దేహమును వీడరాదను నియమమును అరువదేండ్లుగా పాటించినవాడాయన. సిబ్బంది తప్పు లేదు. ఆయన తప్పును లేదు. ఈ సంగతిని ఆనాటి ఉదయము గాక, వారము ముందే తలపోయవలసినవాడు కుమారుడు. లింగమును వెండికాయ నుండి తీసి నూలువస్త్రమున కట్టి దేహముపై నుంచుకొనవచ్చునా యని వైద్యశాలలో అడుగవలెను. వారు కూడదన్నచో ఏమి చేయవలెనో గురువును అడుగవలెను. రెండు చోట్లను సమాధానము తెచ్చుకొని పోయినవానికి వాకిట రభస యుండదు. ఆ కుమారుడు ఆనాడు తండ్రిని ఇంటికి తీసికొనివచ్చి, ఇద్దరిని అడిగి, మరొకనాడు పోయెను. బస్సు చార్జీ రెండింతలైనదని ఇంటిలో కొంత గొణుగుడును కలిగెను.

గ్రంథి నుండి సూదితో ముక్కలు తీయు బయాప్సీలో సాధారణముగా 12 చోట్ల తీయుదురు. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను. పరీక్ష తరువాత కొన్ని దినములు మూత్రములో ఎఱ్ఱజీర కనబడుట వింత గాదు. చలిజ్వరము వచ్చినచో మాత్రము తెల్లవారుదాక ఆగక ఆసుపత్రికి పోవలెను. ఖర్చునకు జంకువారు ఎరుగవలసినది: రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వమువారిది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచినది.

ఫలితము కొరకు వేచియున్న దినములలో చుట్టములు వచ్చి, ఏ జన్మమున ఏ పాపము చేసెనో యని నిట్టూర్చిరి. లింగధారి యింటిలో ఈ మాట తగదు. గురువు దీక్ష యిచ్చి కరస్థలమున లింగమునుంచిన నాడే భక్తుడు క్రొత్తగా పుట్టెను. వెనుకటి జన్మ లెక్కలు ఆనాడే కొట్టివేయబడినవి. కొట్టివేసిన లెక్కను రోగి మంచము కడ మరల తిరుగవేయుట ఏమి భక్తి?

మరొక ప్రశ్న కలదు. బసవేశ్వరుడు ఉపనయనమును నిరాకరించి, తండ్రి మాదిరాజు ఇంటిని విడిచి, అక్క నాగమాంబతో వెడలిపోయెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చెప్పుచున్నది గదా, అట్టివాని మతమున పితృసేవకు చోటెక్కడిదని కొందరు అడుగుదురు. ఆయన విడిచినది తనకు సమ్మతము గాని కర్మమును. వృద్ధుడైన తండ్రిని రోగశయ్యపై విడిచి పోలేదు. దాసోహమనగా జంగమునకు అన్నము పెట్టుట యొక్కటియే యనుకొని, ఇంటిలోని ముదుసలికి మూత్రపుపాత్ర అందించుటను కోడలి పనిగా త్రోసివేయువారు ఈ ప్రశ్న అడుగుటయే వింత.

ఫలితము వచ్చెను. క్యాన్సరే. పూర్వులు రాచపుండని పిలిచి, పేరెత్తుటకే జంకిన జబ్బు. ముక్కల తీరును బట్టి వైద్యులు వేయు గ్లీసన్ అంకె 6 నుండి 10 వరకు ఉండును. ఈయనకు 7 వచ్చినది. ఎముకలకు పాకలేదని స్కానులో తేలినది. శస్త్రచికిత్సయో, రేడియేషనో ఆలోచించుకొని రమ్మనిరి. అంకె తక్కువయై, జబ్బు మెల్లగా నడచుచున్నచో చికిత్స చేయక కనిపెట్టియుండుటయు ఒక పద్ధతియే.

తండ్రికి చెప్పవలదని బంధువులందరు ఒక్కమాటగా అనిరి. కుమారునికిని మనసు రాలేదు. రెండు దినములు కాగితమును బీరువాలో దాచెను. ఇది ప్రేమయే, సందేహము లేదు. కాని సత్యశుద్ధమైన కాయకము చేయవలెనని శరణులు చెప్పిన మార్గమున, తన దేహములో ఏమి జరుగుచున్నదో తనకే తెలియనీయక ఒక మనిషిని శస్త్రచికిత్సకు తీసికొనిపోవుట ఎట్లు పొసగును? పైగా వృద్ధుడు అమాయకుడు గాడు. ఇంటిలోని గుసగుసలు ఆయన చెవిని పడుచునే యున్నవి. తెలిసినదానిని తెలియనట్లు నటింపవలసిన భారము ఆయనపై పడినది.

మూడవనాటి సాయంకాలము పూజ ముగించి, విభూతి నొసటితోనే ఆయన కుమారుని పిలిచెను.

"ఏం రాసిండ్రు బిడ్డా, సదువు."

కుమారుడు బీరువా తెరచి కాగితము తెచ్చి, మొదటి నుండి చివరి వరకు చదివి, తెలియని మాటలకు అర్థము చెప్పెను. క్యాన్సరు అను మాట వద్ద కంఠము పూడుకొనిపోగా తండ్రి అతని వీపుపై చేయివేసి ఆగెను. తరువాత, ఆపరేషనైతే ఎన్ని దినములు మంచము పట్టవలెననియు, ముందు నాటు ముగించుకొనవచ్చునా యనియు అడిగెను. ఆ రెండు ప్రశ్నలను కుమారుడు కాగితము వెనుకనే వ్రాసికొనెను. మరునాడు తొలిబస్సుకు ఇద్దరును బయలుదేరిరి. ఈ మారు రిపోర్టుల సంచి తండ్రియే పట్టుకొనెను.