గెలిచిన రాణి, మారని ఆట

పదేళ్ల పిల్లకు పెళ్లంటే ఏం తెలుస్తుంది? 1363లో డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ తన కూతురు మార్గరెట్‌ను నార్వే రాజు ఆరో హాకన్‌కిచ్చి పెళ్లి చేశాడు. రెండు రాజవంశాల పొత్తు బరువంతా ఆ పసిదాని మీద పడింది. కొన్నేళ్ల తర్వాత ఓస్లోలోని అకెర్షుస్ కోట నుంచి ఆమె భర్తకు ఉత్తరం రాసింది. కోటలో తిండికి కటకటగా ఉందనీ, తన పరివారం పస్తులుంటోందనీ మొరపెట్టుకుంది. ఆమె సాధించిన విజయాలన్నిటికన్నా ఈ ఉత్తరమే నన్ను ఎక్కువగా కలచివేస్తుంది.

1375లో తండ్రి పోయాడు. అక్క కొడుక్కి దక్కుతుందనుకున్న డెన్మార్క్ సింహాసనాన్ని మార్గరెట్ మరుసటేడు తన అయిదేళ్ల కొడుకు ఓలాఫ్‌కు దక్కించింది. 1380లో భర్త పోతే నార్వే కూడా ఆ పిల్లవాడిదైంది. 1387లో, పదహారేళ్ల వయసులో, ఓలాఫ్ హఠాత్తుగా చనిపోయాడు. కూతురిగా, భార్యగా, తల్లిగా తప్ప ఆడదానికి చోటివ్వని రాజకీయంలో ఆమెకు మిగిలిన చివరి ఆసరా కూడా పోయింది.

వారం తిరిగేలోపే లుండ్‌లో డేనిష్ పెద్దలు ఆమెను సర్వాధికారాలు గల సంరక్షకురాలిగా ఎన్నుకున్నారు. కన్నకొడుకు కోసం ఏడవడానికైనా ఆ వారంలో తీరిక దొరికిందా? ఆ నిబ్బరాన్ని రాతిగుండె అనడానికి నాకు మనసొప్పదు. దుఃఖాన్ని దిగమింగకపోతే అన్నీ పోగొట్టుకునే స్థితి అది. మరుసటేడు నార్వే ఆమెను పాలకురాలిగా ఒప్పుకుంది. తమ రాజు ఆల్బర్ట్‌తో విసిగిన స్వీడన్ ప్రభువులు కూడా ఆమె పక్షం చేరారు. 1389లో ఫాల్‌షోపింగ్ దగ్గర ఆల్బర్ట్ ఓడి బందీ అయ్యాడు. 1397లో కాల్మార్‌లో అక్క మనవడు ఎరిక్‌కు కిరీటం పెట్టించి మూడు రాజ్యాలను ఒక్కటి చేసింది. 1412లో ఫ్లెన్స్‌బర్గ్ రేవులో, ఓడలో కన్నుమూసేదాకా పగ్గాలు మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది.

అయితే 1406లో జరిగిన ఒక పెళ్లి దగ్గర నా మెప్పు ఆగిపోతుంది. ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ కూతురు ఫిలిప్పను ఎరిక్‌కు భార్యగా తెచ్చింది మార్గరెట్ రాజనీతే. ఆ పిల్లకు అప్పుడు పన్నెండేళ్లు. పరాయి కోటలో చిన్న వయసు కాపురం ఎలా ఉంటుందో మార్గరెట్ కన్నా ఎరిగినవారెవరు? అయినా పొత్తు కావాల్సి వచ్చేసరికి తండ్రి నడిచిన దారిలోనే ఆమె కూడా నడిచింది.

మార్గరెట్ గొప్ప పాలకురాలని నిస్సంకోచంగా అంటాను. ఆమె ఏలినంత కాలమూ రాజకుటుంబాల ఆడపిల్లల రాత మారలేదని కూడా అంతే నిస్సంకోచంగా చెప్పాలి.