మోయబడువాని ధర్మము

సముద్రయానము చేయవచ్చునా, చేయరాదా యనునది మన తాతల కాలమున గొప్ప వివాదము. బౌధాయన ధర్మసూత్రము సముద్రసంయానమును పతనహేతువులలో చేర్చినది. తరువాతి నిబంధనకారులు దానిని కలివర్జ్యములలో నుంచిరి. సీమకు పోయివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధింపవలయునని కొందరును, అక్కఱలేదని కొందరును వాదించుకొనిరి. ఆ వాదమున సంస్కర్తలే గెలిచిరి. నేడు ఓడ యెక్కినవానిని పంక్తినుండి లేపువారు లేరు. అయినను ఒక ప్రశ్న తీరినంతమాత్రమున ధర్మవిచారము తీరిపోదు. ఓడ యెక్కవచ్చునా యను ప్రశ్న పోయినది. ఎక్కినవాడు ఎట్లు మెలగవలయునను ప్రశ్న మిగిలియున్నది. మన పెద్దలు విచారింపని ప్రశ్న యిదియే.

ఈ ప్రశ్న ఇప్పుడు మన యిండ్లలోనికే వచ్చినది. 2022 జూన్ నెలలో ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖపట్టణపు రేవునకు వచ్చి, ప్రయాణికులను కొన్ని దినములు సముద్రముపై త్రిప్పి తెచ్చుటకు మొదలిడినది. అది 1990లో ఫ్రాన్సు దేశమున సేంట్ నజేర్ అను పట్టణమున నిర్మింపబడి, యజమానులు మాఱి, పేర్లు మాఱి, మన తీరమునకు చేరినది. దాని పొడవు 211 మీటర్లు. దాదాపు 1600 మంది ప్రయాణికులకు అందు వసతి కలదు. వారికి పరిచర్య చేయుటకును, ఓడను నడపుటకును ఆఱువందలకు మించిన సిబ్బంది కావలయును. అదే 1990లో ఇటలీ దేశమున పుట్టిన మఱియొక నౌక ‘కర్ణిక’ యను పేరుతో 2019లో ముంబయినుండి విహారయాత్రలు సాగించినది. మహమ్మారి వచ్చి యాత్రలు నిలిచిన పిమ్మట, 2020లో గుజరాతులోని అలంగు తీరమునకు తుక్కుగా చేరినది. ఓడలకు ముప్పదియేండ్లన్న వార్ధకమే. ఒకే యేట పుట్టిన రెండింటిలో ఒకటి తుక్కయ్యెను. ఒకటి క్రొత్త రంగు పూసికొని మన రేవునకు వచ్చెను.

ఈ యోడ యా యోడ యనక, దేశదేశముల పాతనౌకలలో విహరించివచ్చిన బంధుమిత్రుల మాటలు మేము అనేకపర్యాయములు వినియుంటిమి. అందు మెచ్చుకోలు కలదు, సణుగుడు కలదు. సూర్యోదయము అద్భుతమందురు, భోజనపదార్థములను వ్రేళ్లు ముడిచి లెక్కించి చెప్పుదురు, నలుదెసల నీరు తప్ప మఱేమియు కానరాని రాత్రిని వర్ణించుటకు మాటలు చాలవందురు. వెంటనే, నడవ లిఱుకందురు. గది గోడ రాత్రియంతయు సన్నగా అదరుచుండెనందురు. రంగు క్రింద త్రుప్పు కనబడెనందురు. సగము పైకమునకు సగము సుఖమే దొరకెనని ముగింతురు. ఇన్ని మాటలలో ఒక్క మాట మాత్రము మాకు అరుదుగా వినవచ్చినది. తమ్మును మోసినవారెవరో చెప్పినవారు మిక్కిలి తక్కువ.

మా ముక్తేశ్వరమువారికి ఈ లోపము వెంటనే తోచుటకు కారణము కలదు. గౌతమి కీవల మా యూరు, ఆవల కోటిపల్లి. నడుమ పంటు తిరుగుచుండును. దానిపై మోటారుబండ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెండ్లివారు, బడిపిల్లలు, శివదర్శనమునకు పోవు ముదుసళ్లు అందఱు నొక్క బల్లమీదనే నిలుతురు. సరంగు ఆ బల్లమీదనే యుండును. రేవు చేరగానే త్రాడు విసరువాని తడిసిన కాళ్లు మన కాళ్లప్రక్కనే యుండును. వేసవిలో ఇసుకమేట వేసినచోట వాడు ఎంత జాగ్రత్తతో నడపునో, వరదలో ఎందుకు నడుపనని నిలిపివేయునో మన కన్నులారా చూతుము. దాటించువాడును దాటువాడును ఒక్క యెత్తున నుందురు.

అంతకు ముందటి తరమువారి పడవప్రయాణములును ఇట్టివే. 1847 మొదలు 1852 వఱకు కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించినపిమ్మట, కాలువలు నీటితోబాటు మనుష్యులనుకూడ మోసినవి. గాలి లేనప్పుడు మనుష్యులు గట్టున నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. లోపల కూర్చున్నవాడు తల యెత్తినంతనే ఆ వంగిన వీపులు కనబడెడివి. ఇట్లు కనబడినందున లాగువారికి న్యాయము జరిగెనని మేమనుట లేదు. చూచియు చూడనట్లున్నవారును, కులము పేరెత్తి అదలించినవారును ఆ పడవలలో నుండిరి. చూచుట ధర్మము కాదు. అయితే చూడనిదే ధర్మము మొదలుకాదు.

మహానౌకలో ఆ మొదలే లేకుండునట్లు ఏర్పాటు జరిగినది. యంత్రశాల నీటిమట్టమునకు క్రింద నుండును. బట్టలుదుకు చోటు, గిన్నెలు తోము చోటు, పనివారి పడకలు క్రింది అంతస్తులలో నుండును. వారు తిరుగుటకు వేఱు మెట్లు, వేఱు నడవలు. పైనున్నవానికి తెల్లని దుస్తులు, చిఱునవ్వు, వేడి వంటకము మాత్రమే కనబడును. ఓడ ఎంత క్రొత్తదో యీ మఱుగు అంత నిండుగా నుండును. పాతయోడ యిది పూర్తిగా దాపలేదు. గోడ యదరుట క్రింద యంత్రము శ్రమించుచున్నదనియు, దానియొద్ద ఎవరో మేల్కొనియున్నారనియు చెప్పు వార్త. త్రుప్పుమీది రంగు, ఉప్పుగాలితో ప్రతిదినము పోరాడు చేతుల జాడ. మనము లోపమని లెక్కించినవానిలో కొన్ని నిజమునకు సాక్ష్యములు. పాతదైన ఓడను సముద్రమున నిలుపునది దానిని కట్టినవాని నైపుణ్యము మాత్రమే కాదు. నేటి ఉదయము దానిని గోకి, తుడిచి, బిగించి, నూనె పోసినవాని ఓర్పు.

వారి శ్రమకు మితి లేదా? కలదు. 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశమున నావికుల కార్మిక ఒడంబడిక ఆమోదింపబడినది. 2013లో అమలునకు వచ్చినది. 2015లో భారతదేశము దాని నంగీకరించినది. పనివేళకు హద్దు పెట్టదలచిన దేశము దాని ప్రకారము ఇరువదినాలుగు గంటలలో 14 గంటలకును, ఏడు దినములలో 72 గంటలకును మించి పనిచేయింపరాదు. విశ్రాంతికి హద్దు పెట్టదలచినచో దినమునకు 10 గంటలు, వారమునకు 77 గంటలు తక్కువ కాకుండ ఈయవలయును. చదువరులు ఈ యంకెలను మఱల చదువుదురు గాక. ఇది అన్యాయమునకు హద్దు గీసిన న్యాయము. ఆ న్యాయమే దినమునకు పదునాలుగు గంటల పనిని సహించుచున్నది. మన మూడు దినముల తీరిక వారి డెబ్బదిరెండు గంటల వారముపై తేలుచున్నది. ఇల్లు విడిచి నెలలతరబడి వారు నీటిపై నుందురు. మనము చూచి మురిసిన సూర్యోదయమునకు పొయ్యియొద్ద నున్నవాడు ఎన్నిసార్లు పైకి వచ్చియుండును?

‘మేము రొక్కము చెల్లించితిమి, లెక్క తీరినది’ అని కొందఱందురు. రొక్కముతో తీరు లెక్క యొకటి కలదు, నిజమే. జీతము జీతమే, అది సకాలమున, న్యాయముగా ముట్టవలయును, కృతజ్ఞత చూపి జీతము తగ్గింపరాదు. కాని మన పూర్వులు మనుష్యుడు ఋణములతో పుట్టునని యేల చెప్పిరి? దేవతలకు, ఋషులకు, పితరులకు మనము పడిన బాకీలలో ఒక్కటియు టిక్కెట్టు కొని తీర్చునది కాదు. తన బ్రతుకు ఇతరుల భుజములపై నున్నదని తెలిసికొనుటయే ఆ ఋణభావనకు మూలము. ఓడలో ఆ సంగతి ఉపమానము కాదు, ఉన్నమాట.

మఱికొందఱు, ‘ప్రయాణికులు లేనిచో వారికి పని యెక్కడిది? మేము ఎక్కుటయే వారికి మేలు’ అందురు. ఇదియు సత్యమే. విహారము పాపమని మేము చెప్పబోము. ఏడాదియంతయు పనిచేసినవాడు మూడు దినములు అలలు లెక్కించిన తప్పేమి? సంస్కారమనగా సుఖమును నిషేధించుట కాదు. కాని ఒకనికి పని యిచ్చితినను భావము వానిని మనుష్యునిగా చూడనక్కఱలేదను భావమునకు దారితీసినచో, ఆ మేలు ఎవరికి మేలు?

ఈ విషయమున మాకు మిక్కిలి తెలివైన మాట ఒక గృహిణి చెప్పినది. ఓడలో నీకు నచ్చినదేమని అడుగగా, సముద్రము కాదనెను. ‘ఇరువదియేండ్లకు మొదటిసారి, నేను వండని యన్నము మూడు పూటలు వరుసగా తింటిని’ అనెను. ఒక్క నిమిష మాగి, ‘అది వండినవాడు తిన్నాడో లేదో అని తోచినది’ అనెను. ఆమెతో ప్రయాణించిన మగవారిలో ఎవరికిని తోచని సంగతి ఆమెకు తోచుటకు కారణము స్పష్టము. ఇంట ఆమెయే యంత్రశాల. సంసారనౌక యని గ్రంథములలో చదివి తలలూపు మనము ఆ నౌకకు క్రింది యంతస్తు కలదని తలంచితిమా? ఇంటిలో మోయుచున్నవారిని చూడనివాడు ఓడలో మోయుచున్నవారిని చూడగలడనుట కల్ల. తీర్థయాత్రకు పోయినను, విహారమునకు పోయినను, సెలవు ఎవరికి దొరకినది, ఎవరికి దొరకలేదు అని ప్రతి కుటుంబము విచారించుకొనవలయును.

మోయబడువాని ధర్మము మర్యాదతో ముగియదు, ప్రాణములవఱకు పోవును. 2012 జనవరి 13న ఇటలీ తీరమున ‘కోస్టా కాన్‌కార్డియా’ యను మహానౌక రాతిని కొట్టుకొని ఒరిగిపోగా 32 మంది మరణించిరి. ఆనాడు క్రొత్తగా ఎక్కినవారిలో అనేకులకు, ఆపద వచ్చిన ఎక్కడ చేరవలయునో తెలుపు అభ్యాసము ఇంకను జరుగలేదు. ఆ పిమ్మట నియమము మార్చిరి: 2015 మొదలు, ఓడ కదలకముందో, కదలిన వెంటనేయో అది జరుగవలయును. అంత దూరము పోనేల? 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ, దేవీపట్నము దాటి కచ్చులూరు వద్ద వరదగోదావరిలో మునిగినది. డెబ్బదికి మించినవారు అందుండిరి. బ్రతికి బయటపడినవారు స్వల్పసంఖ్యాకులు. తమ పడవలు వేసికొని వారిని రక్షించినవారు ఒడ్డునున్న గిరిజనగ్రామస్థులు. ఆ నదికే మఱియొక పాయ మా యూరి ప్రక్క పాఱుచున్నది. తప్పెవరిదను విచారణ మా పని కాదు. రక్షణకవచము తొడుగుకొమ్మనువాడు విహారమునకు విఘ్నము కలిగించుచున్నాడని ఎవ్వరును తలపరాదు. నీరు హెచ్చుగా నున్నదని సరంగు వెనుదీసినప్పుడు, ‘సెలవు వృథాయగును, పోనిమ్ము’ అని బలవంతపెట్టు నాలుక చుక్కానిమీద పడిన చేయివంటిది.

కాబట్టి ఓడ యెక్కువారికి మా విన్నపము స్వల్పము. గదిని తుడుచువాని పేరడుగుడు. తినగలిగినంతే వడ్డించుకొనుడు. అకాలమున అనవసరముగా పిలువకుడు. ఆపదకాలపు పాఠమును శ్రద్ధగా వినుడు. ఓడ పాతదని సణుగుటకు ముందు, అది భద్రమైనదా యని గట్టిగా అడుగుడు. భద్రమైనదేని, దానిని భద్రముగా నుంచినవారికి నమస్కరింపుడు. తిరిగివచ్చి పిల్లలకు యాత్రావిశేషములు చెప్పునప్పుడు, సముద్రముతోబాటు ఆ మనుష్యులనుగూర్చియు చెప్పుడు. పూర్వము సముద్రము దాటినవానికి శుద్ధి విధించిరి. నేడు ఓడ దిగినవానికి కావలసిన శుద్ధి యొక్కటే: నన్ను మోసినవారెవరు అను ప్రశ్న, దిగిన పిమ్మటకూడ మనస్సును విడువకుండుట.