'మంచి' అని రాస్తే

జులై, ఆగస్టు నెలల్లో నాకు వచ్చే ఫోన్లు సగం ఒకేలా మొదలవుతాయి. "సార్, ఎల్‌ఓఆర్ ఒకటి..." అని ఆగిపోతారు. గుంటూరులోనో వరంగల్లోనో ఎంబీబీఎస్ చేసి, అమెరికాలో మా ఆసుపత్రిలో నెల రోజులు అబ్జర్వర్లుగా ఉండి వెళ్ళిన పిల్లలు. రెసిడెన్సీకి ఒక్కో ప్రోగ్రాంకి నాలుగు ఉత్తరాలదాకా పంపుకోవచ్చు. 2022 జనవరి నుంచి స్టెప్ వన్‌లో మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిల్చాక, వీళ్ళ ఆశ ఉత్తరాల మీదికి ఇంకాస్త మళ్ళింది.

చిక్కంతా భాషతోనే. ఈ ఉత్తరాల్లో 'మంచి' అంటే 'అంతంతమాత్రం' అని అర్థం. మంచి విద్యార్థిని మంచి విద్యార్థి అని రాస్తే నోట్లో మట్టి కొట్టినట్టే. అందుకే అందరం 'అసాధారణం', 'నేను చూసినవాళ్ళలో మేటి' అని రాస్తాం. ఇది అబద్ధమా? మారకపు రేటు ఇద్దరికీ తెలిసినప్పుడు మోసం ఎక్కడుంది, పెళ్ళిసంబంధాల్లో 'చామనఛాయ' అన్నట్టేగా అంటాడు ఒక మిత్రుడు. నాకు సగమే ఒప్పుదల. ఆ రేటు తెలియని ప్రొఫెసరు ఒకాయన మనూళ్ళో కూర్చుని, నిజాయితీగా 'మంచి విద్యార్థిని' అని రాస్తే, నష్టం ఆయనకి కాదు, ఆ అమ్మాయికి.

ఇంకో అలవాటుంది మనకి. "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా." ఇది దయ అనుకుంటాం. కానీ అప్లికేషన్‌లో ఆ పిల్లే, ఈ ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నానని ఒప్పుకుంటుంది. అవతల చదివేవాళ్ళ నమ్మకం నిలబడేది దాని మీదే. పైగా తన గురించి తాను గొప్పగా రాసుకోగలిగినవాళ్ళే మంచి డాక్టర్లవుతారని ఎవరు చెప్పారు?

అబ్జర్వర్లు పేషెంటుని ముట్టుకోకూడదు, నోట్సు రాయకూడదు. నెల రోజులూ వెనక నిలబడటమే. మరి నేను చూసిందేమిటి? కిందటేడు, కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడని అడ్మిట్ చేశాం. నేను తెలుగువాణ్ణే అయినా అప్పుడు గదిలో లేను. ఇంటర్‌ప్రెటర్ దొరికేలోగా కొడుకే రెసిడెంటుకి ఇంగ్లీషులో చెబుతున్నాడట. అబ్జర్వర్ అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటున్నానందండీ ఆవిడ. వాళ్ళబ్బాయి ఆ ముక్క చెప్పలేదు" అంది.

ఉత్తరంలో అదే రాశాను, విశేషణాలు లేకుండా. దాని కిందే, 'ఈమె స్వయంగా వైద్యం చెయ్యడం నేను చూడలేదు' అని ఇంకో వాక్యం. అది తీసెయ్యాలా అని రెండు రోజులు ఆలోచించాను. మ్యాచ్ రాకపోతే ఆ ఇంట్లో ఎంత అప్పు మిగులుతుందో నాకు తెలుసు. రేపు రాత్రి రెండింటికి ఆమె చేతిలో పడే పేషెంటు మాత్రం నాకు ఫోన్ చేసి ఏమీ అడగడు. ఉంచేశాను. చదివినవాళ్ళు ఆ రెండింటిలో ఏ వాక్యం దగ్గర ఆగారో నాకు తెలిసే దారి లేదు.