పేకాట నేర్చుకొనుట పాపమా?



బత్తలపల్లె సంఘములోని యౌవనుడొకడు ఆరాధన ముగిసిన పిమ్మట మమ్మును నిలిపి, "అయ్యగారూ, రమ్మీ నేర్చుకుంటే పాపమా?" అని అడిగెను. పాపమే అని మేము తొందరపడి చెప్పితిమి. అతడు ఊరకుండక, "మా నాయిన అప్పు తెచ్చి, వానను నమ్ముకొని చెనిక్కాయ విత్తుతాడు గదా. అది జూదం కాదా?" అనెను. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ అనంతపురపు మెట్టనేలపై ఆ ప్రశ్నను త్రోసివేయుట ఎవరి తరము?

ఆట సంగతి మాకును కొంత తెలియును. సెమినరీ సెలవులలో నేర్చితిమని దాచనేల? 13 ముక్కలను వరుసలుగాను, ఒకే అంకె ముక్కలను గుంపులుగాను పేర్చవలెను. జోకరు లేని వరుస ఒకటైనను ఉండవలెను. ఎదుటివాడు పారవేసిన ముక్కలు గుర్తుండవలెను. ముక్కలు బాగుపడనప్పుడు మొదటనే దించివేయవలెను. ఇందు బుద్ధికి పని కలదు. మన రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యములో 1968లో సుప్రీంకోర్టు కూడ, రమ్మీ మూడుముక్కలాటవలె కేవలము అదృష్టము కాదు, ప్రధానముగా నేర్పుతో కూడినదని తీర్పు చెప్పెను. అయినను సెల్‌ఫోనులో డబ్బు పెట్టి ఆడు రమ్మీని 2020లో మన రాష్ట్రము నిషేధించెను. 2025లో పార్లమెంటు నేర్పా అదృష్టమా అని చూడకయే అట్టి ఆటలన్నిటిని నిషేధించు చట్టము చేసెను.

చీట్లు వేయుటయే పాపమనుటకు వీలులేదు, మత్తీయను ఏర్పరచుకొన్నది చీట్లు వేసియే (అపొ. కార్య. 1:26). సిలువ క్రింద సైనికులును చీట్లు వేసిరి (యోహాను 19:24). అయితే వారి కన్ను, పైన చనిపోవుచున్నవాని అంగీమీద ఉండెను.

రైతు చేను పండినయెడల పొరుగువాని చేను ఎండదు. (అప్పు తెచ్చి విత్తుట మంచిదని మేము చెప్పుటలేదు, ఆ సంగతి వేరు.) పందెములోనైతే గెలిచిన ప్రతి రూపాయి ఎదుట కూర్చున్నవాని ఇంటినుండియే రావలెను. వాడు ఓడిపోవలెనని కోరక మన గెలుపు కోరలేము. పదియవ ఆజ్ఞ (నిర్గమ. 20:17) మనలను పట్టుకొనునది ఇచ్చటనే. న్యాయస్థానమునకు నేర్పు ఒక సమాధానము కావచ్చును. మనస్సాక్షికి అది మరి బరువు. నేర్పు హెచ్చినవాడు నేర్పు లేనివానినే గదా వెదకును.

"నెల దినాలు పందెం లేకుండా ఆడి చూడు నాయనా, ఆ మీదట మాట్లాడుకుందాం" అని అతనితో చెప్పితిమి. మూడవ ఆదివారముననే వచ్చెను. అర్ధగంటకే స్నేహితులు విసుగుచెంది, "పది రూపాయలైనా పెట్టరా" అనుచున్నారనియు, తనకును అట్లే తోచెననియు తల వంచుకొని చెప్పెను.