కలుపు అన్నదెవరు?

అడవి పువ్వును పెరట్లోకి తెచ్చుకోవడంలో తప్పొప్పుల ప్రశ్న ఏముంటుందని స్నేహితులు అడుగుతుంటారు. రోడ్డు పక్కన రాలిపోయే గింజే కదా, తెచ్చి నాటితే మంచిదే కదా అంటారు. నాకు ఆ ప్రశ్న గునుగు దగ్గర మొదలైంది.

కొన్నేళ్లుగా మా పెరట్లో గునుగు, తంగేడు పెంచుతున్నాను. అన్నీ నేను ఏరి తెచ్చిన గింజలే. గునుగు కంకి కింది నుంచి పైకి ఎండుతూ వస్తుంది. పైన ఇంకా పువ్వు ఉండగానే కింద గింజ ముదురుతుంది. కంకిని కాగితం సంచిలోకి వంచి దులిపితే నల్లగా నిగనిగలాడే సన్నని గింజలు రాలతాయి. తొలకరికి వాటిని చల్లి, పైన పల్చగా మట్టి జల్లితే చాలు. తంగేడు అంత సులువుగా లొంగదు. గింజ పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి, ఆ తర్వాత పువ్వు కోసం ఓపిక పట్టాలి.

ఏ కంకి ముదిరిందో గుర్తుపట్టడం నాకు పుస్తకాలు నేర్పలేదు. జొన్నచేలో కలుపు తీస్తున్న ఒకామె వేళ్లతో నలిపి చూపించింది. చూపించి నవ్వుతూ, "మేం పీకితె కలుపు, మీరు పెడితె పువ్వా అమ్మా?" అంది.

ఆమె అడిగింది వృక్షశాస్త్రం కాదు, అధికారం సంగతి. గునుగు పొలంలో కలుపు. లేతగా ఉంటే కూరాకు. బతుకమ్మ నాటికి పువ్వు. పట్నం బజార్లో రంగులద్దుకుని కట్టలుగా అమ్ముడయ్యే సరుకు. నా పెరట్లోకి వస్తే 'స్థానిక వృక్షజాతి'. మొక్క మారలేదు, అది నిలబడ్డ నేల ఎవరిదన్నదే మారింది. పేరు పెట్టేది నేల ఉన్నవాళ్లు. వంగి పీకేది నేల లేని ఆడవాళ్లు. ఆ మొక్క గురించి అందరికన్నా ఎక్కువ తెలిసిన చేతులకు దాని పేరు నిర్ణయించడంలో మాత్రం భాగం లేదు. తంగేడుదీ అదే కథ. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. తరతరాలుగా దాని చెక్కతో తోళ్లు శుద్ధి చేసినవాళ్లను ఊరు వెలివాడలోనే ఉంచింది. మొక్కకు దక్కిన గౌరవం దాన్ని ఎరిగిన మనుషులకు దక్కలేదు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు ఈ పేర్లను ఒప్పుకోలేదు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. విత్తకుండా చేలో మొలిచే ఆకులను వాళ్లు తిండి అన్నారు. కలుపుమందు కొట్టిన చేలో ఆ తిండి ఉండదన్నారు. 2019లో ఆ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. కలుపు ఏదో, కూర ఏదో తేల్చే హక్కు తమదని బహుమతికి చాలా ముందే వాళ్లు తేల్చుకున్నారు.

'స్థానికం' అనే మాట దగ్గరా నేను ఆగి ఆలోచిస్తాను. అమెరికా ఖండాల నుంచి వచ్చి పొలాలను ముంచెత్తిన పార్థీనియానికి తెలుగులో పెట్టిన పేరు వయ్యారిభామ. అదుపు లేకుండా పెరిగేదానికీ, తాకితే దురద పెట్టేదానికీ ఆడదాని పేరే దొరికింది! దాన్ని పీకాల్సిందే. అయితే అది చేసే హాని చూసి పీకాలి, పరాయిదని కాదు. బతుకమ్మలో పేర్చే బంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే. గునుగు అసలు ఎక్కడ పుట్టిందన్న దానిమీద శాస్త్రజ్ఞులకే ఏకాభిప్రాయం లేదు. పుట్టినచోటి నుంచి పెకిలించి మరో ఇంట్లో నాటి, జీవితాంతం "ఎక్కడి పిల్లవి?" అని అడిగించుకునే మనం, పుట్టుకను బట్టి తీర్పు చెప్పే మాటలను ఇంత తేలిగ్గా వాడకూడదు.

ఇక పెంచడం. అపురూపంగా పెంచడం పేరుతో కత్తిరించడం ఎలా జరుగుతుందో ఆడపిల్లలుగా మనకు తెలుసు. అందుకే ఒక చోట నాలుగైదు కంకులకు మించి కోయను. మిగతావి ఆ నేలకూ, పిట్టలకూ. పెరట్లో గునుగు నేను గీసిన మడిలో ఉండదు, మరుసటి ఏడు మెట్ల సందులో మొలుస్తుంది. మొలిచిన చోటే ఉండనిస్తాను. నేను కోరిన చోట మాత్రమే పూస్తే అది అడవి పువ్వు కాదు, అడవి పువ్వు లాంటి అలంకారం.

ఇంతచేసినా అసలు చిక్కు తీరదు. పెరడు పచ్చగా ఉంటే ఊరి బంజరు పోయిన సంగతి అంతగా బాధించదు. నగరం చుట్టూ బంజర్లూ చెరువు గట్లూ ప్లాట్లయ్యాయి. అక్కడ పువ్వు కోసుకోవడానికి ఏ ఆడదీ ఎవరినీ అడిగేది కాదు. నా గోడ లోపల ఎంత గునుగు పూసినా, కావలసినామె గేటు తట్టి అడగాలి. నేను ఇస్తే అది నా మంచితనం అవుతుంది. ఆమె పోగొట్టుకున్నది హక్కు. మంచితనంతో దాన్ని పూడ్చలేం.

అలాగని పెంచడం మానను. గింజ బతికి ఉంటేనే రేపు చల్లడానికి ఏమైనా మిగులుతుంది. కానీ అడిగినవాళ్లకు గింజలిచ్చేటప్పుడు, అవి ఏ నేలలో ఏరానో, ఆ నేల ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో కూడా చెబుతున్నాను. ఆ రెండో విషయం విన్నాక కొందరు గింజల సంగతి మరచిపోయి ఆ నేల గురించే అడుగుతారు. అప్పుడే అసలు మాట మొదలవుతుంది.